ఆ పేరు గలవాడు ఇక్కడ లేడు

పటాన్‌చెరు,
ఆగస్టు, 1997.

చిరంజీవి వెంకటేశానికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఇన్‌లాండు కవరు తెచ్చి బియ్యం డబ్బా మీద పెట్టి దాని చుట్టూ తిరుగుతుంటే మీ నాయనమ్మ విసుక్కుంది. "రాస్తే రాయి, లేకుంటే ఇటియ్యి, పొయ్యన్న అంటువెడ్త" అన్నది. కాబట్టి దీవెనలు. ఇక్కడ ఇద్దరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు మా కంటే బాగున్నావని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. బోరు నీళ్లు ఇంకా పచ్చగానే వస్తున్నాయి. మీ నాయనమ్మ తెల్లబట్టలు కట్టుకోవడమే మానేసింది. నా మోకాలు మెట్లు కనబడితే తప్ప గుర్తుకు రాదు. టీవీ యాంటెన్నా కోతులు వంచాయి, వార్తలు మాత్రం వస్తున్నాయి. రాకపోయినా నష్టం లేదు.

ఇక నీ ఘనకార్యం. కొత్తగా చేరిన పిల్లలకు తోడుండే సీనియర్‌గా యూనివర్సిటీ వాళ్లు నిన్ను ఎంచారని రాశావు. మా కంపెనీలోనూ ఆ పద్ధతి ఉండేది, పేరే లేదు. కొత్తవాణ్ణి తెచ్చి పాతవాడి పక్కన నిలబెట్టేవాళ్లు. నన్ను చిన్నరాములు పక్కన నిలబెట్టారు. బడి మొహం చూడని నాకు గోడల మీది బోర్డులు చూపించి అక్షరాలు దిద్దించింది అతనే. నేను మొట్టమొదట కూడబలుక్కొని చదివిన మాట 'ప్రమాదం'. అప్పట్నుంచి నాకు ఎక్కడ చూసినా అదే కనబడుతుందని మీ నాయనమ్మ ఎత్తిపొడుస్తుంది. సరే, చెప్పొచ్చేదేమంటే, కొత్తవాడు ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగినా చిన్నరాములు నవ్వేవాడు కాదు, పక్కవాళ్లను నవ్వనిచ్చేవాడూ కాదు. "నవ్వినమనుకో, రేపు ఆడు అడగడు. అడగనోని చెయ్యి మిషన్ల వడ్తది" అనేవాడు.

నువ్వేం చేశావు? నీకు అప్పగించిన వాళ్లలో బొంతపల్లి పిల్లవాడు పెంటయ్య ఒకడు. ఆ పేరు వింటే అందరూ నవ్వుతున్నారని వాడికి ప్రశాంత్ అని పేరు పెట్టావట. గది తలుపు మీద కూడా అదే రాయించావట. ఇప్పుడు హాయిగా ఉన్నాడట! నువ్వెవడివిరా పెట్టడానికి? నవ్వేవాళ్ల నోళ్లు మూయించమని నిన్ను తోడు పెడితే, వాళ్లకు నవ్వు రాకుండా వాడినే మార్చేశావా?

కంపెనీ క్వార్టర్లలో పెరిగినవాడివి, ఊళ్ల సంగతి నీకు తెలియదు, విను. వాడి తల్లి మొగులమ్మ మా కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు కడుగుతుంది. వాడికి ముందు పుట్టిన పిల్లలెవరూ ఆమెకు దక్కలేదు. వీడు పుట్టగానే తీసుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పక్కింటామె ఎత్తుకుంటే, చేటెడు తౌడు పోసి మొగులమ్మ కొనుక్కుంది. పారేసినవాణ్ణి చావు కూడా తీసుకుపోదని మన దిక్కు నమ్మకం. నమ్మకం మంచిదా చెడ్డదా అని నాతో వాదించకు, నేను దానికి వకీలును కాను. ఆ తల్లి బిడ్డను ఆ పేరుతోనే బతికించుకుంది, అంతే.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచింది చెబుతాను. మొన్న ఆదివారం మొగులమ్మ కొడుకును చూడటానికి మీ హాస్టల్‌కు వచ్చింది. పట్నం తోవ తెలియదంటే వెంట వచ్చింది నేనే. మోకాలు సతాయించి రోడ్డవతల చాయ్ హోటల్ బల్ల మీద కూలబడ్డాను. ఆమె సర్వపిండి మూట పట్టుకొని గేటు దగ్గరికి పోయింది. అప్పుడు నువ్వు నీ దోస్తులతో బయటికి వస్తున్నావు. రోడ్డు ఇరుకే, మీ మాటలన్నీ నాకు వినబడ్డాయి.

"బిడ్డా, మా పెంటయ్యను జెర పిలుస్తవా?" అన్నది.

"పెంటయ్యనా?" అన్నావు నువ్వు. "గసొంటి పేరుగలోడు ఈడ ఎవ్వడు లేడమ్మా. ఏదన్న పశువుల కొట్టంల అడుగుపో."

నీ దోస్తులు నవ్వారు. నువ్వూ నవ్వావు. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. లేడు అన్న మాట ఆమె ఇదివరకు కూడా విన్నది, ముందు పోయిన పిల్లలప్పుడు. వాచ్‌మన్ దగ్గరికొచ్చి ఏంది సంగతని అడుగుతుంటే మూట గుండెకు అదుముకుంది. నేను రోడ్డు దాటేసరికి నువ్వు బస్సెక్కావు. నీ వెంట పడి చెంప పగలగొట్టే వయసు నాకు లేదు. పెంటయ్యను పిలిపిస్తానన్నా ఆమె ఒక్క నిమిషం ఆగలేదు. "నడువన్నా, ఇంటికివోదాం" అన్నది.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. తేదీ చూశాను. ఆ ఆదివారం సాయంత్రమే రాశావు. అందులో మెస్సు కూర గురించి ఉంది, సినిమా గురించి ఉంది, ప్రశాంత్ గురించి గొప్పగా ఉంది. గేటు దగ్గరి ఆడమనిషి మాత్రం లేదు.

నేను వాచ్‌మన్‌కు చెప్పి వచ్చిన సంగతి తెలిసి పెంటయ్య సోమవారమే ఇల్లు చేరాడు. తల్లి జ్వరంతో పడుకొని ఉంది. నేను పోయి ఎంత చెప్పినా వాడిది ఒకటే మాట: "ఆడికి నేను వోను తాతా. ఆల్లు నవ్వినందుకు గాదు. అమ్మ మొఖం ఎట్ల సూడాలె? నేను గూడ ఆ పేరుకు ఊఁ గొట్టిన గద."

నీ మీద నమ్మకంతో ఊఁ కొట్టాడు. సీనియర్‌వు కదా!

ఈ ఉత్తరం అందిన రోజే బస్సెక్కు. నా దగ్గరికి కాదు, బొంతపల్లికి పో. వాకిట్లో నిలబడి, నలుగురూ వినేటట్టు వాణ్ణి పెంటయ్యా అని పిలువు. మొగులమ్మ తిడితే పడు. వాణ్ణి వెంట తీసుకుపోయి క్లాసులో కూర్చోబెట్టు, తలుపు మీది రాత నీ చేత్తోనే చెరుపు. అంతవరకు నా గడప తొక్కకు.

ఇంతవరకు నిన్న రాశాను. ఇవాళ పొద్దున మా కంపెనీ గేటు ముందు లేబర్ కాంట్రాక్టరు కొత్తవాళ్లను పిలుచుకున్నాడు. పెంటయ్య వరుసలో నిలబడ్డాడు. వాడి చేతికి గ్లౌజులిచ్చి లోపలికి పంపారు.

ఇట్లు,
మీ తాత,
కొమురయ్య.