చక్కెర లేని బిళ్ళలూ, గాలిలో మరుగుదొడ్డీ

ఔషధ నియంత్రణాధికారి గారి సముఖమునకు,
టవర్ క్రేను ఆపరేటరు (ప్రస్తుతము సస్పెన్షనులో, నేల మీద) వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చక్కెర లేని మందుబిళ్ళలలోని తియ్యదనము వలన ముందు కడుపు, తర్వాత ఉద్యోగము చెడుట – ధ్రువపత్రము కోరుట గూర్చి.

1. నేను కట్టుచున్న భవనములపై క్రేను నడుపువాడను. మేస్త్రీ మొదలు టీ అమ్మే ఆవిడ వరకు అందరూ నన్ను ‘పైబావ’ అందురు. నేను నిచ్చెన దిగి మరల ఎక్కునంతవరకు కింద పని అంతయు ఆగిపోవును గనుక మా వృత్తిలో ఎవరమూ పొద్దున నీళ్ళు తాగము. చిన్న అవసరమునకు సీసా కలదు. పెద్ద అవసరము గురించి యాజమాన్యము వారు ఏనాడూ ఆలోచించలేదు. మేమును ఆలోచించకుండ ఉండుటకే ప్రయత్నింతుము.

2. నీళ్ళు లేక గొంతు ఎండును. పూర్వము పిప్పరమెంట్లు చప్పరించెడివాడను. నాకు షుగరు ఉన్నదని డాక్టరు చెప్పిన రోజే మా ఇంటావిడ నా జేబులన్నీ దులిపి, చక్కెర లేని గొంతు బిళ్ళల డబ్బా చేతిలో పెట్టి, "ఇక ఇవే చప్పరించి చావు" అని ఆశీర్వదించినది. అవి తియ్యగా ఉండుటయే గాక నోటిని చల్లగా చేయును. కనిపెట్టిన మహానుభావుడెవరో గాని దణ్ణం పెట్టుకున్నాను. తొందరపడ్డాను.

3. సంఘటన నాడు దగ్గు ఉన్నందున చక్కెర లేని దగ్గు మందు తాగితిని. నోటి వాసనకు మరొక రకము బిళ్ళలు వేసుకొంటిని. గొంతు బిళ్ళలు ఉండనే ఉన్నవి. అన్నిటిలోనూ సార్బిటాల్, మానిటాల్, జైలిటాల్ అను అన్నదమ్ములే తియ్యదనము కొరకు కొలువున్నారని మందుల షాపు ఆయన తర్వాత తాపీగా చెప్పెను. పళ్ళు తోముకొను పేస్టులో కూడా వారేనట. అదృష్టవశాత్తు దానిని ఉమ్మివేయుదును. కొంచెము తింటే ఏమీ చేయరట, ఎక్కువైతే పేగులలోనికి నీళ్ళు లాగుదురట. నేను తాగని నీళ్ళు ఎక్కడి నుండి లాగినారో దేవుడికే తెలియాలి! ఈ హెచ్చరిక డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరములలో ఉన్నది. దిగకుండ ఉండుటకు నీళ్ళు మానినవాడిని, ఆ నీళ్ళకు బదులు తిన్న బిళ్ళల వలన దిగవలసి వచ్చినది.

4. ఆ సమయమున నా కొక్కేనికి వేలాడుచున్నది, సైటు ఇంజనీరు గారి కొరకు ప్రత్యేకముగా తెప్పించిన కొత్త మరుగుదొడ్డి డబ్బా. తమరు నవ్వకూడదు. దానిని ఎక్కడ దింపవలెనో వారికి తోచలేదు. ఇటు పెడితే ఎండ, అటు పెడితే ఆఫీసు కిటికీలోకి వాసన. కింద జెండా ఊపువాడు నా సొంత బావమరిది.

"బావా, ఆపు ఆపు. సారు ఆలోచిస్తున్నారు" అన్నాడు వాకీటాకీలో.

"ఎంతసేపురా?"

"పెద్ద సారు కదా, టైం పడుతుంది."

"నాకు టైం లేదురా! ఎక్కడో ఒకచోట దింపనివ్వరా నాయనా!"

"అదేంటి బావా, గొంతు అలా అయిపోయింది? ఓ బిళ్ళ వేసుకో."

వేసుకున్నాను, అయ్యా.

5. చివరకు డబ్బాను మనుషులు లేని వైపు తిప్పి, బ్రేకు వేసి, నిచ్చెన పట్టుకున్నాను. కళ్ళ ముందే గాలిలో మరుగుదొడ్డి ఊగుచున్నది, నాకు అందదు. దిగుట సకాలములో పూర్తి కాలేదు. ఇంతకు మించిన వివరము ప్రభుత్వ కాగితముపై వ్రాయదగినది కాదు. "బరువును గాలిలో వదిలి విధి నుండి పారిపోయెను" అని నాపై అభియోగము. అది రుజువైతే ఏ కంపెనీ వాడూ నన్ను ఇక క్రేను ఎక్కనివ్వడు. నాకు వచ్చిన పని అదొక్కటే. మా ఇంటావిడ, "తాగి పడిపోయినా నలుగురికీ చెప్పుకునేదాన్ని" అని ఏడ్చినది.

6. సైటు ఆఫీసులోనే విచారణకు ముగ్గురు కూర్చొనిరి. అందులో ఇంజనీరు గారును ఒకరు, న్యాయము అట్లున్నది. సాక్ష్యముగా బిళ్ళల డబ్బా బల్ల మీద పెట్టితిని. నేను గోడు చెప్పుకొనుచుండగా వారు ఒక్కొక్కటే నోట్లో వేసుకొనసాగిరి.

"బావున్నాయే! నోరు చల్లబడుతోంది" అన్నారు అధ్యక్షుల వారు.

"అయ్యా, వద్దండీ" అన్నాను.

"విచారణ చేసేది మేమా, నువ్వా?" అన్నారు ఇంజనీరు గారు.

డబ్బా ఖాళీ అయినది. పొద్దు వాలకముందే విచారణ ‘అనివార్య కారణముల వలన’ వాయిదా పడినది. మరల కూర్చొనుటకు వారికి మొహము చెల్లుట లేదు. విచారణ ముగియదు, నన్ను పనిలోకి పిలువరు.

తమ గుమాస్తా గారు ఆ డబ్బాలోని బిళ్ళనే నమూనాగా తెమ్మన్నారు. నమూనా ఆ ముగ్గురు పెద్దమనుషులలో ఉండెను, ఇప్పుడు అక్కడ కూడా లేదు. కావున నమూనా అడగకయే, ఈ తియ్యదనము మోతాదు మించితే ఎంతటివాడూ ఆగలేడని ఒక ధ్రువపత్రము దయచేయించి, ఆ హెచ్చరికను డబ్బా మూత మీద మనిషి కంటికి ఆనునట్లు అచ్చు వేయించి, నా మొర చిత్తగించి, నన్ను మరల పైకి పంపవలెను (క్రేను పైకి మాత్రమే).

నేల మీద ఇమడలేని
తమ విధేయుడు,
పైబావ

తా.క.: అయ్యా, ఆ వాయిదా ఎలా పడిందో కూడా చెప్పేస్తాను. చివరికి నేలకు దిగిన ఆ మరుగుదొడ్డి డబ్బా ఒక్కటే, పెద్దమనుషులు ముగ్గురు. ఇంజనీరు గారు ముందు దూరి గడియ పెట్టేసుకున్నారు. ఇంకొకాయన సిమెంటు బస్తాల వెనక్కి పరిగెత్తారు. అధ్యక్షుల వారు మాత్రం తలుపు బాదుతూ, చెమటలు కక్కుతూ నిలబడ్డారు. నేను నవ్వలేదు, ఒట్టు. ఆయన నన్ను చూశారు, తలెత్తి క్రేనును చూశారు.

"అక్కడ నువ్వు ఎంతసేపు ఆపుకున్నావయ్యా?"

"ఈ లోపలున్న సారు ఆలోచించినంతసేపండీ."

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. తమ కాగితం ఒక్కటి వస్తే చాలు, నన్ను పనిలోకి తీసుకోమని సంతకం పెడతానని ఆ చెయ్యి వదలకుండానే మాటిచ్చారు. త్వరగా పంపండి బాబూ, ఆ బాధ ఆయనకింకా గుర్తున్నప్పుడే.