ఆ మూడు డయళ్లూ తీయకూడదు

తార్నాక నివాసి, విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరుగా రిటైరైన కోటంరాజు అచ్యుతరామయ్య అనే నేను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో, స్వదస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. గుండె బాగాలేదని డాక్టరు చెప్పారు. బుర్ర బాగానే ఉంది. అసూయ ఇంకా బాగా ఉంది. దాన్ని దాచిపెట్టి సంతకం చేయలేను.

1. తార్నాక ఇల్లు, అందులోని సమస్త సామానూ నా భార్య అరుంధతికి సర్వహక్కులతో చెందాలి. ఆవిడ కుట్టుమిషను పక్క కిటికీకి అడ్డంగా ఎవరూ బీరువా పెట్టకూడదు. ఆవిడకి పొద్దుటి వెలుతురు కావాలి.

2. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత లాలాపేట్ సామ్యేలు మాస్టారిది. నా చదరంగం బల్ల ఆయనే ఉంచుకోవాలి. వేసిన ఎత్తు వెనక్కి తీసుకుంటే ఇక అడిగేవాడు ఉండడు.

3. నాకూ, ఎలక్ట్రానిక్స్ విభాగం రవికాంత్‌కూ చెరిసగంగా ఉన్న చిన్న విమానం సంగతి. కిందటేడు అతను అందులో కొత్త తెర పెట్టించాడు. ఎత్తు, వేగం, దిక్కు అన్నీ దాని మీదే. క్యాంపస్‌లో ఎక్కడ చూసినా ఆ తెర మాటే. కరెంటు అక్కర్లేని పాత డయళ్లు, అంటే ఎత్తుదీ, వేగానిదీ, దిక్సూచీ, తీసేద్దామన్నాడు. మెకానిక్ మల్లన్నా అటే: "టీవీ వచ్చినంక గీ గడియారాలెందుకు సార్, ఉత్త బరువు." నేను ఒప్పుకోలేదు. చాదస్తమని అరుంధతి కూడా నవ్వింది.

ఈ జూలైలో అతను అరుంధతిని ఎక్కించుకుని వెళ్లాడు. డాక్టరు నన్ను ఎగరొద్దన్నారు కనుక నేను కిందే ఉన్నాను. పైన కరెంటు పోయి తెర నల్లబడింది. నా డయళ్లు చూసుకుంటూ దించాడు. దిగగానే అరుంధతి అన్న మాట: "రవికాంత్ గారి చెయ్యి ఒక్కసారైనా వణకలేదండీ." డయళ్ల ఊసే లేదు. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇప్పుడతను రెండో బ్యాటరీ పెట్టించి, ఇక వాటిని తీసేయొచ్చంటున్నాడు.

4. అయినా విమానంలో నా సగం వాటా రవికాంత్‌కే రాస్తున్నాను. ఇష్టంతో కాదు. అతని పొడుగూ, నవ్వూ నాకు గిట్టవు. కానీ నా తరవాత అరుంధతి ఎగరడం మానదు. అతనికంటే బాగా నడిపేవాడు నాకు తెలిసినంతలో లేడు. షరతు ఒక్కటే. ఆ మూడు డయళ్లూ తీయకూడదు. ఎగిరే ముందు ప్రతిసారీ ఎత్తు డయలును ఆనాటి గాలి ఒత్తిడికి సరిచేసి, ముల్లు ఇరుక్కోలేదని దాని అద్దం మీద వేలితో తట్టి చూడాలి. తీసిననాడు నా వాటా అరుంధతికి పోతుంది. ఆవిడ దాన్ని బయటివాళ్లకు అమ్మేయాలి.

5. ఆవిడ అతని పక్క సీట్లో కూర్చుంటే ఎవరూ అడ్డుచెప్పకూడదు. పైలోకం నుంచి చూసి సంతోషిస్తానని రాయను. కుళ్లుకుంటాను. అయినా ఆవిడ క్షేమంగా నేల మీదికి దిగాలి. దిగి, మళ్లీ అతన్నే మెచ్చుకోనీ.

తార్నాక, 1998 నవంబరు 14.

(చేవ్రాలు) కోటంరాజు అచ్యుతరామయ్య

మా ఎదుట సంతకం చేశారనడానికి సాక్షులు:
కొండలరావు, మల్కాజ్‌గిరి
వెంకటేశ్వర్లు, అంబర్‌పేట్