లొరేన్‌కు పనికిరాని ఎడిటర్

డులూత్,
సోమవారం ఉదయం

చిరంజీవి బ్రిటాకు నాన్న ఆశీస్సులు.

నేనూ పిల్లీ బాగానే ఉన్నాం. కార్చిచ్చు కాపలా మంచె మీద నువ్వూ క్షేమమనీ, పొగ ఇంకా దూరంలోనే ఉందనీ అనుకుంటున్నాను. మోకాలి సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి. పడవకు రంగు వేయడం అయిపోయింది.

కొండ దిగాక వెబ్ డిజైన్ మొదలుపెడతాననీ, వెబ్ పేజీల కోడ్ రాసుకునే ఎడిటర్ ఏది తీసుకోమంటావనీ రాశావు. అది చదవగానే ఒళ్లు మండింది. నీ మీద కాదు. నెల రోజులుగా మా ఆఫీసులో అదే గొడవ.

ఇకమీదట అందరూ ఒకే ఎడిటర్ వాడాలని కొత్త మేనేజరు డెరిక్ హుకుం. మనం టైపు చేస్తుంటే అడుగడుగునా తనే మాటలు అందించే రకం అది. లొరేన్‌కు చూపు లేదని నీకు తెలుసు. తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, తన పాత ఎడిటర్‌లో పదకొండేళ్లుగా మా అందరికంటే శుభ్రంగా పేజీలు తయారుచేస్తోంది. కొత్తదాంట్లో ఆమె ఒక్క అక్షరం కొడితే అది అందించే పది మాటలూ చెవిలో పడతాయి. తను రాసిన లైను మాత్రం వినపడదు.

"అలవాటవుతుంది లొరేన్. రంగులు ఎంత బాగుంటాయో!" అన్నాడా పెద్దమనిషి.

"నాకు నలుపు చాల్లే బాబూ. దీన్ని ఎంచిన మహానుభావుడెవరో చెప్పు, ఓసారి చెయ్యి కలుపుతాను."

"అన్నీ చూసే ఎంచాం."

"చూసే ఎంచారు. అదేగా నా ఏడుపు."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు! చేతిలో కప్పు వాడి మొహాన విసరాలనిపించింది. శుక్రవారం ఇంకో మాటన్నాడు. సోమవారం మీటింగులోగా మారకపోతే ఆమె పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాడట. పాతదాంట్లో చేస్తే వాడికేం కొంప మునిగింది?

ఇంటికి వెళుతూ లొరేన్ నా బల్ల దగ్గర ఆగింది.

"ఆర్విడ్, ఒక్క మాట అనొచ్చు కదయ్యా. నాకు చూపే లేదు. నీకు నోరే లేదా?"

బ్రిటా, ఇంతసేపూ డెరిక్‌ను తిట్టాను. ఆ ఎడిటర్‌ను ఎంచింది నేను. ఏప్రిల్‌లో నాలుగు నా ముందు పెట్టి ఒకటి తేల్చమన్నాడు. రోజూ చేసిన ప్రతి పనీ పుస్తకంలో రాసుకునే మనిషిని కదా, దేంట్లో ఏ పనికి ఎన్ని నిమిషాలో పన్నెండు రోజులు పట్టిక గడులు గీసి మరీ రాశాను. ఏ కాలేజీకీ వెళ్లకుండా నేర్చుకున్నవాణ్ని సలహా అడిగారని గర్వం కూడా. మూడడుగుల దూరంలో కూర్చునే మనిషిని, ఇది నీకు వినిపిస్తుందా అని ఒక్కసారి అడగలేదు. ఆమె చెయ్యి కలుపుతానన్నప్పుడు కాఫీలోకి చూస్తూ కూర్చున్నాను.

నిన్న తెర ఆపేసి, చదివి వినిపించే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇయర్‌ఫోన్లలో వింటూ, కొత్త ఎడిటర్‌లో ఒక్క లింకు పెట్టబోయాను. నలభై నిమిషాలు పట్టింది, అయినా కుదరలేదు. అదీ ఆ పట్టికలోనే, ఆ ఎడిటర్ గడిలోనే రాశాను.

నువ్వు ఏదైనా తీసుకో. ముందు నీ పక్కన పనిచేసేవాళ్లను అడుగు.

ఇవాళ తొమ్మిదింటికే ఆ మీటింగు. పట్టిక నా దగ్గరే ఉంది. ఎంచింది నేనేననీ, తప్పు చేశాననీ లొరేన్ ఎదుట చెప్పాలి. ఈ కవరు చొక్కా జేబులో పెట్టుకుని వెళుతున్నాను. చెప్పాకే పోస్టు చేస్తాను. నీకు అందిందంటే చెప్పానన్నమాట.

ఇట్లు,
మీ నాన్న
ఆర్విడ్