వాగ్దానం బదులు పోయిన లింకు

మంగళవారం, రాత్రి

నాన్న పాస్టరు. సంఘం వాట్సాప్ గ్రూపుల రోజు పొద్దుగాల ఆ దినం బైబిల్ వాగ్దాన వాక్యం పెట్టే పని నాది. ఇయ్యాల పొరపాటున వాక్యం బదులు ఫిలాసఫీ పాఠం లింకు పెట్టిన. ఎంఏ ఎంట్రెన్స్ కోసం వారం నుంచి నెట్టంత దేవులాడితే, నాకు అర్థమయ్యేటట్టు చెప్పే సారు ఈయనొక్కడే దొరికిండు. పాఠం ఇంగ్లిష్‌ల. దేవుడున్నడని రుజువు చెయ్యొచ్చా అన్నదే అండ్ల ప్రశ్న.

సాయంత్రం దాక చూసుకోలే. చూసేసరికి కింద వరుసగ ఆమెన్‌లు. ఒక్కరన్న తెరిచినట్టు లేదు. కుట్టుమిషన్ మరియక్క అయితే "ఈ మాట నా కోసమే, స్తోత్రం" అని పెట్టింది. నవ్వాల్నా, ఏడ్వాల్నా?

తీసేస్తే, ఏం తీసినవని అందరు అడుగుతరు. ఉంచితే ఎవరో ఒకరు వింటరు. పాస్టరు బిడ్డే ఇట్లాంటివి పెడ్తాందా అంటే, ఆదివారం నాన్న ఏ మొఖం పెట్టుకొని నిలబడాలె?

అన్నం తినేటప్పుడు అమ్మ మజ్జిగకు లేచింది. నాన్న తల ఎత్తకుండనే, "మొత్తం విన్న బిడ్డా. దీని తర్వాత పాఠం ఉన్నదా?" అన్నడు. ఉన్నదని చెప్పిన. నన్ను పరీక్షించిండో, నిజంగనే కావాల్నో తెలుస్తలేదు.

ఇప్పుడే గ్రూపు మళ్ల చూసిన. రోజు మొదటి ఆమెన్ నాన్నదే ఉంటది. ఇయ్యాల లేదు.