బాపు బిగించిన నట్లు

జూన్ 9, ఆదివారం

బుధవారం బడి తెరుస్తరు. భద్రాచలం నుంచి చర్లకు మళ్ల రోజూ కారు. వానలకు ముందు బండి చూసే పని ఎప్పుడూ బాపుదే. ఆర్టీసీ డిపోల మెకానిక్‌గా రిటైరైండు. వేరేటోళ్ల చెయ్యి పడనియ్యడు. ఇయ్యాల వైపర్ రబ్బర్లు మార్చిండు. ముందు చక్రాలకు కొత్త టైర్లు వేయించుకొచ్చి, జాకీ పెట్టి తనే ఎక్కించిండు. అలిసిపోయిండు, కానీ ఖుషీగ ఉన్నడు.

జూన్ 12

కూలెంట్ పోసినవా అని మూడుసార్లు అడిగిండు. పోసింది ఆయనే.

జూన్ 14, శుక్రవారం

దుమ్ముగూడెం దాటినంక స్టీరింగ్ కొట్టుకుంటుంది. గుంతల రోడ్డు గదా అనుకున్న. పక్కన మా స్కూల్ టీచర్ రోజారాణి, ఏడో నెల కడుపుతోటి ఉంది. టకటక చప్పుడైతుంది, ఆపు అన్నది. వానల దిగి చూస్తే ఎడమ ముందు చక్రం నట్లు వేళ్లతోనే తిరుగుతున్నయి. ఒకటి లేనే లేదు. ఎదురుంగ లారీలు పోతున్నయి. రోజారాణి గొడుగు పట్టింది, నేను పానాతోటి బిగించిన. ఏ మెకానిక్ చేసిండు, వాని మీద కేసు పెట్టాలె అన్నది. ఎవరో కొత్తాయన అన్న.

అదే రోజు, సాయంత్రం

బండి ఎట్ల పోతుందని బాపు అడిగిండు. మంచిగ పోతుంది అన్న.

జూన్ 18

మీటింగ్ ఉందని ఇంట్ల చెప్పి షెడ్డుకు తీస్కపోయిన. పోయిన నట్టు కొత్తది వేసిండ్రు. బ్రేక్ ఆయిల్ డబ్బాకు మూత పెట్టనే లేదట. ఇంటికొచ్చి అమ్మకు చెప్పిన. అమ్మ ఏడ్వలే. ఆమెకు ఎప్పుడో తెలుసు. ఎండకాలంల బాపు సంతకు పోయి, ఇంటి దారి తెల్వక రోడ్డు పక్కన కూసున్నడట. ఎవరికీ చెప్పకు, సిగ్గుతోటి చస్తడు అన్నది.

జూన్ 22, శనివారం

తమ్ముడు రాజేష్ ఫోన్ చేసిండు. రేపు పిల్లలను తీస్కొని వస్తడట. బాపుతోటి కారు చూపించుకొని, అట్నుంచి అటే అశ్వారావుపేట పోతరట. బాపు అప్పుడే జాకీ, పానాలు వాకిట్ల పెట్టిండు. మొఖంల ఎంత సంబురమో.

జూన్ 23, ఆదివారం

చెప్పేసిన. రాజేష్ రాకముందే. నట్లు నువ్వు బిగించలే బాపూ, బండిల రోజారాణి ఉండె అన్న. అబద్ధమన్నడు. నా చేతి మీద ఎన్ని బస్సులు నడిచినయో తెలుసా అన్నడు. ఆయనే పోయి చక్రం ముందు కూసున్నడు. తుప్పు పట్టిన వాటి నడుమ కొత్త నట్టు మెరుస్తుంది. చాలాసేపు చూసిండు. పానా నా చేతిల పెట్టి లోపలికి పోయిండు.

రాజేష్ కారు నేనూ వాడూ కలిసి చూసినం. టైర్లల్ల గాలి, బ్రేకులు, లైట్లు. తాత ఏడని పిల్లలు అడిగితే పండుకున్నడు అన్నది అమ్మ. కిటికీల నుంచి మమ్మల్నే చూస్తుండు. నాకు కనబడుతనే ఉన్నడు.

జూన్ 25

ఇంకా ఏమేం మర్చిపోతున్న బిడ్డా అని పొద్దుగాల అడిగిండు. పక్కన కూసొని అన్నీ చెప్పిన.

మాపటికి మళ్ల అదే అడిగిండు.