లావణ్య అడిగిన ఓటు

మంగళవారం, కమ్మింగ్, అమెరికా

రోజంతా ఫార్మసీలో నిలబడి, అక్కణ్ణించి నేరుగా ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటు వేయడానికి వెళ్ళాను. కాళ్ళు ఇంకా పీకుతున్నాయి.

పక్కింటి లావణ్య పన్నెండేళ్ళుగా గ్రీన్‌కార్డ్ కోసం ఎదురుచూస్తోంది. తనకు ఓటు లేదు. అయినా అభ్యర్థుల డిబేట్లన్నీ చూసింది. నిన్న మా వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, పోటీలో ఉన్నవాళ్ళలో మన గ్రీన్‌కార్డ్ లైన్ గురించి మాట్లాడేది ఆవిడొక్కతే. మావాడికి ఇరవై ఒకటి నిండితే మా మీద వచ్చిన వీసా పోతుంది. ప్లీజ్, ఆవిడకే వెయ్యి."

సరేనన్నాను.

తీరా ఓటింగ్ స్క్రీన్ ముందు నిలబడగానే పొద్దున ఫార్మసీకి వచ్చిన ముసలాయన గుర్తొచ్చాడు. ఇన్సులిన్ ధర విని, మందుల కవరు కౌంటర్ మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. మందుల ధరలు తగ్గిస్తానన్న ఇంకో అభ్యర్థికే వేశాను.

ఇంటికి వచ్చేసరికి లావణ్య మా గుమ్మం దగ్గరే ఉంది.

"వేశావా అక్కా? ఆవిడకేనా?"

"ఊఁ."

తనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "నేనే వేసినట్టుంది అక్కా," అంది.

ఓటు నాది. నాకు సబబనిపించిన మనిషికే వేశాను, అందుకు బాధ లేదు. మరి ఆ 'ఊఁ' ఎందుకన్నాను? నేనూ అదే లైన్లో నిలబడ్డదాన్నే, సిటిజన్‌షిప్ వచ్చి ఐదేళ్ళేగా అయింది.

రేపు పొద్దున్నే వాకింగ్‌కి పిలుస్తుంది. నిజం చెప్పాలి. చెప్పాక మళ్ళీ పిలుస్తుందో లేదో...