తెలీదన్నవాడి పరీక్ష

మార్చి 4, సోమవారం

ఎదురింటి రతనక్‌ని పట్టుకుపోయారు. పొద్దున్నే కారు తీస్తుంటే ఇమిగ్రేషన్ పోలీసులు ముగ్గురొచ్చి బానెట్ మీద బోర్లా పడేసి చేతులు వెనక్కి విరిచారు. వాకిట్లో నెత్తురు, అందులో ఒక పన్ను. వాళ్ళావిడ కంటపడకుండా నేనే పైపుతో కడిగేశాను. కుర్రతనంలో ఏదో కొట్లాట కేసుందట. గ్రీన్ కార్డు ఉంటే ఏం లాభం, పౌరుడు కాదుగా. మా కంబోడియాకి తిరిగి పంపించేస్తారట.

మా ఆయనకీ ఒక కేసుంది. ఇక్కడికొచ్చిన కొత్తలో మార్కెట్లో ఒకణ్ణి తక్కెడతో నెత్తి పగలగొట్టాడు. అమెరికాకి, ఈ లాంగ్ బీచ్ ఊరికి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ మొండి మనిషి ఇంకా గ్రీన్ కార్డే. నేనెప్పుడో పౌరురాలినయ్యాను. ఈసారి పౌరసత్వ పరీక్షకి కూర్చోవాల్సిందే అన్నాను. పులుసు గిన్నె గోడకేసి కొట్టాడు. నేను గరిటెతో వీపుమీద ఒకటి వేశాను. తర్వాత ఇద్దరం కలిసి గోడ తుడిచాం.

మార్చి 10, ఆదివారం

గుడి హాల్లో ఆ పరీక్షకి చెందా అనే అమ్మాయి క్లాసు. లాయరు దగ్గర పనిచేసే పిల్ల, నిండు మనసు, గట్టి నోరు. అరవై ఐదు దాటి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్న ముసలాళ్ళకి సడలింపు ఉందట. వంద ప్రశ్నలు చదవక్కర్లేదు, ఇరవై చాలు. ఇంగ్లీషు అక్కర్లేదు, మన ఖ్మేర్ భాషలోనే చెప్పుకోవచ్చు, తర్జుమాకి మనిషిని తెచ్చుకోవచ్చు. పదిలో ఆరు చెబితే పాస్.

మా ఆయన ఒకప్పుడు బడిపంతులు. టీ చల్లారేలోగా ఇరవయ్యీ కంఠతా పట్టేశాడు. పక్క ముసలాయన తప్పు చెబితే, ఓరి మొద్దూ, నీకంటే నేను తోలిన ఎద్దు నయంరా అని తిట్టాడు. అందరూ నవ్వారు. నాకెంత గర్వమో.

ఏప్రిల్ 15

మా కొత్త సంవత్సరం. మధ్యాహ్నం కునుకులో పీడకలొచ్చి మళ్ళీ నా గొంతు పిసికాడు. మోకాలితో పొడిచి లేపాను. మెడ చుట్టూ స్కార్ఫ్ చుట్టుకుని గుడికి వెళ్ళాను.

మే 21, మంగళవారం

తప్పాడు! ఒక్క ప్రశ్నకి కూడా జవాబు చెప్పలేదు!

లోపలికి తర్జుమాకి వెళ్ళింది చెందా. బల్లకి అవతల ఆఫీసరు నల్ల చొక్కాలో, చేతిలో కలంతో కూర్చున్నాడట. రాజధాని ఏది అంటే తెలీదు. మొదటి అధ్యక్షుడెవరు అంటే తెలీదు. ఎద్దులు తోలుకునేవాణ్ణి బాబూ, నాకు చదువు రాదు అన్నాడట. పార్కింగ్‌లోనే చెంప పగలగొట్టాను. ఏమయ్యా, రతనక్ గతి పట్టాలనుందా నీకు అని అరిచాను. కార్లో కూర్చుని అద్దాన్ని గుద్దుతూనే ఉన్నాడు. అద్దం పగల్లేదు, చెయ్యి వాచింది. ఇంకొక్క అవకాశమే ఇస్తారు.

మే 22

చెప్పాడు. ఇంత కాపురంలో మొదటిసారి.

అప్పట్లో కంబోడియాలో నల్లబట్టల విప్లవం వాళ్ళ పాలనలో చదువొచ్చని తెలిస్తే చంపేసేవాళ్ళు. అది నాకూ తెలుసు, నేనూ కళ్ళద్దాలు మట్టిలో పూడ్చి తెలివిలేనిదానిలా తిరిగినదాన్నే. ఈయనా, ఈయన అన్నా ఎద్దులు తోలుతూ బతికారు. ఒకరోజు వాళ్ళు బల్ల వేసి, రాయడం వచ్చినవాళ్ళు రండి, గుమాస్తా పనిస్తాం, అన్నం పెడతాం అన్నారు. ఆకలికి ఆగలేక అన్న కలం అందుకున్నాడు. మోకాళ్ళమీద కూర్చోబెట్టి మెడ వెనక పారతో కొట్టారు. ఒక దెబ్బకి పోలేదు. ఈయన్ని ఈడ్చుకొచ్చి, వీడెవడో తెలుసా అనడిగారు. తెలీదన్నాడు. అన్న తలెత్తి చూశాడట. మళ్ళీ అడిగారు. మళ్ళీ తెలీదన్నాడు. అప్పుడు రెండో దెబ్బ వేశారు.

నాకు మాత్రం అన్న జ్వరంతో పోయాడని చెప్పాడు. నా చేతి గుర్తు ఇంకా ఆయన బుగ్గమీదుంది. ఛీ, నా చెయ్యి విరిగిపోను.

జూన్ 6

మతి సరిగ్గా లేదని డాక్టరు చేత రాయిస్తే పరీక్షే ఉండదంది చెందా. మా ఆయన కుర్చీ ఎత్తాడు. నన్ను పిచ్చోణ్ణి చేస్తారా, పంతుల్ని నేను అని అరిచాడు. కడుపుతో ఉన్న పిల్ల, అయినా జంకలేదు. ఆ కుర్చీ దించు తాతా, వేరే ఉత్తరం రాయిస్తాను అంది. మధ్యలో బల్ల వద్దు, ఆఫీసరు చేతిలో కలం వద్దు, నల్లబట్టలు వద్దు. ఈ దేశంలో ఇలాంటివి కూడా అడగొచ్చట.

జూలై 16

రతనక్‌ని విమానం ఎక్కించేశారు.

జూలై 23, మధ్యాహ్నం

చెందాకి పొద్దున నొప్పులొచ్చాయి. తర్జుమాకి నేనే వెళ్ళాను. పెళ్ళానివా అని ఆఫీసరు కాసేపు నసిగాడు. చివరికి, ఉన్నదున్నట్టే చెబుతానని నా చేత ప్రమాణం చేయించి ఒప్పుకున్నాడు.

మంచివాడే. తెల్ల చొక్కా వేసుకుని, కుర్చీ మా పక్కకి లాక్కుని కూర్చున్నాడు. మొదటి ప్రశ్నకి మా ఆయన తలుపు వైపు చూశాడు. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. చెప్పాడు! రెండోదీ చెప్పాడు. గొంతు పెరుగుతోంది, బడిలో పాఠం చెబుతున్నట్టు. వరసగా ఆరూ చెప్పేశాడు, ఇంక చాలన్నాడు ఆఫీసరు.

తర్వాత అందరినీ అడిగేవి. పన్నులు కట్టావా. అరెస్టయ్యావా. మార్కెట్ కొట్లాట దాచలేదు, జరిమానా కట్టిన కాగితం చూపించాం. ఎప్పుడైనా ఎవరినైనా చంపావా, చంపడానికి సాయపడ్డావా.

ఎవరైనా ఆలోచించకుండా లేదనే ప్రశ్న అది. మా ఆయన నిటారుగా కూర్చున్నాడు. అవును, మా అన్నని, నా నోటితో చంపాను అన్నాడు. స్పష్టంగా, ప్రతి మాటా విడివిడిగా.

ఆఫీసరు తర్జుమా కోసం నావైపు చూశాడు.

నో, అన్నాను.

ఆ మాత్రం ఇంగ్లీషు మా ఆయనకీ వచ్చు.

ఆగస్టు 22

పౌరుడిగా ప్రమాణం చేసి, వాళ్ళిచ్చిన చిన్న జెండాతో ఇంటికొచ్చాడు. తలుపు వేసి నన్ను కొట్టాడు. మెలకువగా ఉండి నామీద చెయ్యి చేసుకోవడం ఇదే మొదటిసారి. నేను తిరిగి కొట్టలేదు.